పొయ్యి దగ్గరి మాట

1997 ఫిబ్రవరి 3

డైరెక్టరు పిలిచి మన థియేటరు చరిత్ర రాయమన్నాడు. డిసెంబరుకు ఇరవై ఏళ్లు నిండుతాయి, చిన్న పుస్తకం వేద్దామన్నాడు.

"మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్లలో రాయగలిగింది మీరొక్కరే, ఇర్మా కార్లోవ్నా. ముప్పై పేజీలు చాలు. ఏడుపులు మాత్రం పెట్టకండి."

ఏడుపులు లేకుండా ముప్పై పేజీలు ఎలా నింపాలో కూడా చెబితే బాగుండేది.

రాయడానికేముంది? ఉక్కు ఫ్యాక్టరీ పొగ తప్ప మరేమీ లేని ఈ ఊళ్లో, కజక్ మైదానం నడిమధ్య, 1977లో జర్మన్ నాటకశాల తెరిచారు. మాస్కోలో ఐదేళ్లు నటన చదివి ఇరవై ఆరు మంది పిల్లలు దిగారు. అందరూ మావాళ్లే, రష్యాలో తరతరాలుగా ఉన్న జర్మన్లు. యుద్ధం రోజుల్లో వోల్గా ఒడ్డు నుంచి రైళ్లలో తెచ్చి ఇక్కడ పారబోసినవాళ్ల పిల్లలు. రష్యన్ గడగడా మాట్లాడేవాళ్లు. జర్మన్ అంటే మాత్రం అమ్మమ్మ దగ్గర పట్టుబడిన వంటింటి మాట. ఒకడు ఆ మాటతోనే రాజు వేషం వేయబోయాడు. వీణ్ణి ఉరి తీయండి అని ఆజ్ఞాపిస్తుంటే కోళ్లకు గింజలు వేస్తున్నట్టుంది.

ఆ మాటను నోళ్లలోంచి పీకేయడం నా ఉద్యోగం. ఉచ్చారణ టీచర్ని. పళ్ల మధ్య సీసా బిరడా పెట్టించి పేజీలు పేజీలు చదివించేదాన్ని. దవడలు నొప్పి పుట్టి ఏడ్చేవాళ్లు. ఏడుపులు వద్దన్నాడు కదా, ఇది రాయకూడదు.

అందరికంటే బాగా అబ్బింది మెలిటాకు. పద్దెనిమిదేళ్లకు వచ్చింది, 1981లో. ఇప్పటికీ తెర లేచే ముందు ఆ పాత బిరడా జేబులోంచి తీసి రెండు నిమిషాలు కొరుకుతుంది. ఈ దేశంలో అంత శుభ్రమైన జర్మన్ మాట్లాడే గొంతు ఇంకొకటి లేదు. నేను చేసిందని చెప్పడం లేదు. చేసింది నేనే.

ఫిబ్రవరి 9, ఆదివారం

వాల్దెమార్ వచ్చాడు, పాఠానికి. ఇలా వచ్చినవాళ్లలో పన్నెండోవాడు. తలుపు గొళ్లెం పెట్టి, కెటిల్ పొయ్యి మీద పెట్టి మొదలుపెట్టాం.

ఇరవై ఏళ్లు పీకిన మాటనే ఇప్పుడు నా వంటింట్లో మళ్లీ నాటుతున్నాను. జర్మనీ వెళ్లి స్థిరపడాలంటే ఇప్పుడు అల్మాటీలో నోటి పరీక్ష పెడుతున్నారు. జర్మన్ వస్తే చాలదు. ఇంట్లో, అమ్మానాన్నల దగ్గర అబ్బిన జర్మన్ కావాలి. చక్కగా మాట్లాడితే ఇది పుస్తకాల్లో నేర్చుకున్నదని కొట్టేస్తున్నారు. ఒక్కసారే పరీక్ష, రెండోసారి లేదు. పోయినేడు మా నటులు ఇద్దరు అలాగే అవకాశం పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే నా దగ్గరకు రావడం మొదలైంది, ఒకరికి తెలియకుండా ఒకరు.

"ఆదివారం మీ ఇంట్లో ఏం వండేవాళ్లు? చెప్పు," అన్నాను.

స్టేజి మీద నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు. "ఆదివారాల్లో మా మాతృమూర్తి..."

"మాతృమూర్తి ఎవరురా? ఇంట్లో మీ అమ్మను ఏమని పిలిచేవాడివి?"

నవ్వాడు. కాసేపు పొయ్యి వైపు చూశాడు. తర్వాత వచ్చింది. "మాయమ్మ పొద్దుగాలే లేసి రివెల్ కేకు సేసేది. పైన పిండీ ఎన్నా నలిపి సల్లేది. నేను ఆ పలుకులు గిల్లుకోని తింటే సెయ్యి మీద ఒకటి ఏసేది."

"అది! దాంట్లో ఒక్క అక్షరం దిద్దుకోకు," అన్నాను.

నలబై మూడేళ్ల మనిషి, కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏదో అయింది. ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను, కూరేమీ లేకపోయినా.

ఫిబ్రవరి 10

చరిత్ర మొదలుపెట్టలేదు.

మార్చి 2

చరిత్రకు ఇది రాయాలి. 1978 చలికాలం, మొదటిసారి పల్లెలకు వెళ్లాం. ఒక పశువుల ఫారం, క్లబ్బు హాలు, నిండా మా ముసలివాళ్లు. తెర లేచింది. వాల్దెమార్ బిగ్గరగా జర్మన్‌లో మొదటి మాట అన్నాడు. ముందు వరసలో ఒకావిడ దిగ్గున లేచింది. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. గబగబా వెళ్లి కిటికీ మూసింది. ఇంకొకాయన రెండోది మూశాడు. అప్పుడు కూర్చుని నాటకమంతా చూశారు. నలబై ఏళ్లుగా ఆ మాటను కిటికీలు మూసుకుని మాట్లాడినవాళ్లు.

ఆ నాటకానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వచ్చి మా చేతులు పట్టుకున్నారు.

ఇప్పుడు ఆ ఫారంలో మావాళ్లు ఒక్కరు కూడా లేరు.

మార్చి 17

వాల్దెమార్ పరీక్ష నెగ్గాడు, కాగితం తొందరగానే వచ్చింది. వేసవిలో ప్రయాణం. నా చేతిని ముద్దు పెట్టుకుని, "మీరు దేవత," అన్నాడు. ఆ మాటలో చివరి అచ్చు మింగేశాడు.

డైరెక్టరు ముఖం మాడ్చుకుని ఉన్నాడు. శరత్కాలంలో కొత్త నాటకం 'మొదటి చలికాలం' ఆడకపోతే ఊరి అధికారులు హాలు లాగేసుకుంటారట. మిగిలినవాళ్లు ఏడుగురు. కథానాయిక పాత్ర మెలిటా తప్ప ఎవరూ చేయలేరు.

"ఆ అమ్మాయి కూడా పోతే తలుపులకు తాళమే, ఇర్మా కార్లోవ్నా. మీరంటే గౌరవం కదా. ఒక మాట చెప్పి చూడండి."

ఉండిపొమ్మని ఎలా చెబుతాను? ఎవరినీ ఉండమని నేను ఇంతవరకు అనలేదు. అనను కూడా.

ఏప్రిల్ 6, ఆదివారం

మెలిటా వచ్చింది. మే 14న పరీక్ష.

తండ్రి ఆండ్రియాస్ గారు మూడేళ్ల క్రితం కొడుకుతో జర్మనీ వెళ్లిపోయారు. అప్పుడు మెలిటాను రమ్మంటే, కొత్త నాటకం ఉంది నాన్నా అని ఆగిపోయింది. ఇప్పుడాయనకు పక్షవాతం. కూతురి పేరు ఒక్కటే పలుకుతున్నారట. చుట్టపుచూపుగా వెళ్లొస్తానంటే, తిరిగి రావేమోనని వీసా ఇవ్వలేదు. ఇక ఈ పరీక్ష నెగ్గడమే దారి.

"నాకేమైనా సాధన అవసరమా, ఇర్మా కార్లోవ్నా? అందరూ ఏదేదో భయపెడుతున్నారు."

కెటిల్ మరుగుతోంది. నేను లేచి కట్టేశాను.

"నీకు సాధన ఏమిటే? నీ జర్మన్‌కు వంక పెట్టేవాళ్లు పుట్టలేదు. స్టేజి మీద మాట్లాడినట్టే మాట్లాడు. కంగారులో అమ్మమ్మ యాస దొర్లనివ్వకు, అంతే."

నిజమే చెప్పాను. ఆమె జర్మన్‌కు వంక పెట్టేవాళ్లు లేరు.

మెట్ల దగ్గర నన్ను కౌగిలించుకుని వెళ్లింది. వెళ్లాక కప్పులు రెండుసార్లు కడిగాను.

ఏప్రిల్ 7

రేపు చెబుతాను.

ఏప్రిల్ 20

రిహార్సలు. మూడో అంకంలో, మంచులో బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లి పొయ్యి వెలిగిస్తూ మాట్లాడుతుంది. మెలిటా మాట్లాడుతుంటే హాలులో నేల తుడిచే మనిషి కూడా ఆగిపోయింది. ఇలాంటి గొంతును ఏదో ఊళ్లో ముసలివాళ్ల ఆసుపత్రిలో దుప్పట్లు మార్చడానికి పంపడమా? వెళ్లినవాళ్లంతా చేస్తున్న పని అదే. ఉత్తరాల్లో రాస్తున్నారు. అక్కడ వీళ్ల నటన ఎవరికి కావాలి?

నేను ఆలోచిస్తున్నది ఆమె గురించే. అయినా అడిగే ఆవిడ మంచిదైతే నెగ్గనూ నెగ్గవచ్చు. అంతా నా చేతుల్లో ఉందనుకోవడం గర్వం.

మే 12

చెప్పాలనే స్టేషన్‌కు వెళ్లాను. ఒట్టు, అందుకే వెళ్లాను. రైలు పదకొండు నిమిషాలు ఆగింది. మెలిటా మెట్టు మీద నిలబడి, "ఒక్కసారి వినండి, సరిగ్గా ఉందా?" అని తన పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అప్పజెప్పింది. ఒక మాటలో హల్లు మెత్తగా పడింది. దిద్దాను. మళ్లీ చెప్పించాను. రైలు కదిలింది.

మే 16

వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆదివారం ఏం వండేవాళ్లని అడిగింది. రివెల్ కేకు గురించి చెప్పాను, మీరు నేర్పినట్టు, ప్రతి మాట చివరి దాకా పలికాను. ఆవిడ కలం పక్కన పెట్టేసింది! ఎంత అందమైన జర్మన్, ఎక్కడ నేర్చుకున్నారు అంది."

"నువ్వేమన్నావు?"

"మీ పేరు చెప్పాను. మా గురువు ఇర్మా కార్లోవ్నా నేర్పారు, పదహారేళ్లు అని. స్పెల్లింగు కూడా అడిగి రాసుకుంది."

నా పేరు ఆ కాగితం మీద ఉంది.

జూన్ 30

వాల్దెమార్ పోయిన వారం వెళ్లిపోయాడు. ఇవాళ జౌరే దగ్గర కూర్చున్నాను. జర్మన్ రానివాళ్లకు రష్యన్‌లో వినిపించే హెడ్‌ఫోన్లు ఆమే ఇస్తుంది, ఇరవై ఏళ్లుగా. దూదితో ఒక్కొక్కటీ తుడుస్తోంది.

"ఒకప్పుడు పది ఇచ్చేదాన్ని. ఇప్పుడు హాలంతా నా హెడ్‌ఫోన్లే. కొన్నాళ్లకు మీ స్టేజి మీదవాళ్లకు కూడా తగిలించాలేమో," అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఇర్మా, అందరూ ఆదివారం మీ ఇంటికి వచ్చి పోయేవాళ్లు కదా. మీ వంటిల్లు మా కిటికీ ఎదురే. ఆ పిల్ల ఒక్కరోజే వచ్చినట్టుంది."

"దానికి అవసరం లేదు. బాగా వచ్చు."

"నాకు జర్మన్ రాదులే," అని ఇంకో హెడ్‌ఫోన్ తీసుకుంది.

ఆగస్టు 21

కాగితం వచ్చింది. తిరస్కరించారు. 'భాష కుటుంబం నుంచి సంక్రమించినది కాదు, గురువు వద్ద అభ్యసించినదని అభ్యర్థి స్వయంగా తెలిపారు.'

మెలిటా దాన్ని నా చేత చదివించింది. మధ్యలో ఎక్కడా ఏడవలేదు. "నేను జర్మన్ కాదంటున్నారా వీళ్లు?" అంది. మా నాన్నను జర్మన్ అనే కదా పదహారేళ్లకు బొగ్గు గనిలో దించారు అంది. తర్వాత, రిహార్సలుకు టైమైంది, వెళ్దాం రండి అంది.

రేపు చెబుతాను.

ఆగస్టు 22

చెప్పి ఏం లాభం? రెండోసారి పరీక్ష లేదు.

సెప్టెంబరు 9

ఆండ్రియాస్ గారు పోయారు. మెలిటాకు అన్న టెలిగ్రాం ఇచ్చాడు. అంత్యక్రియలకు వెళ్లడానికి వీసా అడిగింది. నాలుగు వారాలు పడుతుందన్నారు. నేలలో పెట్టడం ఎల్లుండే.

నేలలో పెట్టే రోజు ఉదయం ఆమె ఇంటికి వెళ్లి పక్కన కూర్చున్నాను. చేయి పట్టుకున్నాను. అక్కడ సమాధి దగ్గర ఇప్పుడు పాట పాడుతుంటారు కదా అంది. పాడుతుంటారన్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. దుఃఖంలో మనుషులు అలాగే చూస్తారు.

(ఈ చివరి ముక్క పదకొండున రాసింది. తేదీ మార్చను.)

అక్టోబరు 18, శనివారం

'మొదటి చలికాలం' మొదటి ప్రదర్శన. నలబై మూడు మంది వచ్చారు. హెడ్‌ఫోన్లు లేకుండా విన్నవాళ్లు ఆరుగురు.

మూడో అంకంలో పొయ్యి వెలిగిస్తూ, బిడ్డ గురించి చెప్పే చోట, మెలిటా ఆగింది. మాట మరిచిపోయిందనుకుని పక్కనుంచి అందించబోయాను. మరిచిపోలేదు. నాన్న కోసం ఆగింది. తర్వాత చెప్పిన ప్రతి మాటా గాజులా స్పష్టంగా ఉంది. నా జీవితంలో అంత గొప్ప నటన చూడలేదు. ఇది దక్కాలనే కదా.

ఏది దక్కాలని? రాసిన వాక్యం కొట్టేయడం నాకు అలవాటు లేదు, ఉండనీ.

నవంబరు 4

డైరెక్టరు పెట్టె సర్దుకుంటున్నాడు. ఆయన పరీక్ష ఆగస్టులోనే అయిందట. ఎక్కడ నేర్చుకున్నాడో, యాస బాగానే పట్టి ఉంటాడు. హాలు ఫర్నిచర్ మార్కెట్‌కు ఇచ్చేశారు. శరత్కాలంలో నాటకం ఆడితే హాలు వదిలేస్తామన్నది ఎవరో ఎవరితోనో అన్న మాటట, కాగితం ఏమీ లేదట.

"చరిత్ర ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

"అయిపోవచ్చింది," అన్నాను.

నవంబరు 8

నాకూ పిలుపు వచ్చింది. డిసెంబరు 3, అల్మాటీ. మా ఆయన బతికుండగా 1993లో పెట్టిన దరఖాస్తు. దాని సంగతే మరిచిపోయాను. మరిచిపోలేదు. ప్రతి ఏడూ కొత్త చిరునామా పంపుతూనే ఉన్నాను. అక్కడ నా చెల్లెలు లిల్లీ ఉంది. ఇక్కడ నాకు ఎవరున్నారు?

నవంబరు 9, ఆదివారం

ఎవరు చెప్పారో, పొద్దున్నే మెలిటా వచ్చింది. తనే కెటిల్ పెట్టింది.

"ఇర్మా కార్లోవ్నా, నా పరీక్ష ఎందుకు పోయిందో కనుక్కున్నాను. శుభ్రంగా మాట్లాడకూడదట. ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడినట్టు మాట్లాడాలట. మీరు నాలాగే పోగొట్టుకోకూడదు. రోజూ వస్తాను, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం."

"అలాగా? నాకు తెలియదే," అన్నాను.

అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

"మీకెలా తెలుస్తుంది లెండి," అంది. "మీదంతా స్టేజి మాట."

నవంబరు 23

రోజూ వస్తోంది. మూతపడిన హాలులో పని లేదు కదా. అమ్మమ్మ చీపురును ఏమనేది, చలి చీమను ఏమని తిట్టేది, అన్నీ గుర్తు చేసుకుని తెస్తోంది. చిన్న కాగితాల మీద రాసుకొస్తోంది. ఎంత ఉంది ఆ పిల్ల దగ్గర! ఒక్క ఆదివారం కూర్చోబెట్టి ఉంటే చాలు, మొత్తం ఊడిపడేది. ఒక్క ఆదివారం.

ఇవాళ ఒక మాట తప్పు పలికింది. అలవాటు కొద్దీ, "అలా కాదు, మావైపు అలా అనరు," అన్నాను. మెలిటా ఆగి నవ్వింది. "చూశారా, మీకు అన్నీ వచ్చు," అంది.

ఏదైనా అంటుందేమోనని చూశాను. ఇంకో కప్పు టీ పోసింది.

రేపు చెబుతాను.

డిసెంబరు 4

అయిపోయింది. ఆదివారం ఏం వండేవాళ్లని అడిగింది. అదే ఆవిడో కాదో తెలియదు. నోరు తెరిస్తే మా అమ్మ మాట్లాడింది. ఎక్కడా ఆగలేదు. పిండీ ఎన్నా నలిపి సల్లేది అన్నాను. ఆవిడ తల ఊపి రాసుకుంది. తర్వాత కాగితాలు తిరగేసి, "మీ పేరు ఎక్కడో చూసినట్టుందే," అంది.

మా వాళ్లలో చాలామందికి ఉన్న పేరే అన్నాను.

డిసెంబరు 26

ఇరవై ఏళ్లు. జౌరే, నేను, మెలిటా లోపలికి వెళ్లాం. స్టేజి మీద మంచాలు వరసగా నిలబెట్టారు. మెలిటాకు అక్కడే పని దొరికింది, వచ్చినవాళ్లకు సోఫాలు చూపించాలి. టిక్కెట్ల గదిలో కూర్చుంటుంది. జౌరే మిగిలిన హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లింది, ఎందుకో ఆమెకే తెలియదు.

చరిత్ర నాలుగు పేజీలైంది. ఎవరు ఏ ఏట వచ్చారు, ఏ ఏట వెళ్లారు. మెలిటా పేరు పక్కన రెండో ఏడు లేదు.

1998 మార్చి 5

కాగితం వచ్చింది. వెళ్లవచ్చు.

మార్చి 29, ఆదివారం

రేపు మధ్యాహ్నం రైలు.

పొద్దున మెలిటా వచ్చింది, గుడ్డలో చుట్టిన రివెల్ కేకుతో. దారిలో తినమంది. పెట్టెకు తాడు కట్టడానికి మోకాలు అదిమి సాయం చేసింది. కిటికీలో పూల కుండీలు తను తీసుకుంటానంది. ఆఖరి టీ తాగాం. ఆమె కప్పులు కడుగుతోంది, వీపు నా వైపు.

ఇంక రేపు లేదు. అన్నాను. "మెలిటా, నీకొక మాట చెప్పాలి."

ఆమె వెనక్కు తిరగలేదు. నీళ్ల పంపు కట్టేసింది. పదహారేళ్లలో నాతో ఎప్పుడూ మాట్లాడని మాటతో మాట్లాడింది. పొయ్యి దగ్గరి మాటతో.

"వాల్దెమార్ ఉత్తరం రాసినాడు. పోయినేడు జులైలో. ఇర్మా కార్లోవ్నా ఒంటింట్లో మా పన్నెండు మందినీ గట్టెక్కించింది, నీకు ఇంకా బాగా సెప్పుంటాదిలే అని."

"నీకు అప్పటి నుంచీ..."

"కాయితం రాకముందే ఎరుకే. నువ్వే సెప్తావని సూసినా. మా నాయన పోయినప్పుడు నా సెయ్యి పట్టుకోని కూసున్నావే, అప్పుడు సూసినా. నవంబరు నెలంతా ఈ పొయ్యి కాడ కూసోని సూసినా. రోజూ ఇంటికి పోతా, రేపు సెప్తాదిలే అనుకున్నా."

కేకు మీది గుడ్డను మళ్లీ సర్దాను.

"నన్ను ఉండమని అడిగుంటే ఉండేదాన్నేమో. మా నాయనకు ఒక ఉత్తరం రాసి, ఉండేదాన్నేమో. నువ్వు అడగలే."

చేతులు తుడుచుకుంది. జేబులోంచి ఆ పాత బిరడా తీసి, బల్ల మీద, కేకు పక్కన పెట్టింది. పూల కుండీలు రెండు చంకల్లో పెట్టుకుని, తలుపు కాలితో తోసుకుని వెళ్లిపోయింది. మెట్లు దిగుతున్నంతసేపూ విన్నాను.

బిరడా నిండా పళ్ల గాట్లు.

ఆ పిల్ల నోరు తెరిస్తే తప్పు ఎక్కడ దొరుకుతుందా అని నా చెవి పదహారేళ్లుగా కాచుకుని ఉంటుంది. ఇవాళ కూడా ఉంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నాను. దిద్దడానికి ఒక్కటీ దొరకలేదు.